కోరుట్ల మోకాళ్ళు

మీరెప్పుడయినా కోరుట్ల వెళ్ళారా? వెళ్ళి వుండరనే నా అనుమానం. మా వైపు వచ్చేవాళ్ళు కోట చూడాలంటే జగిత్యాలలో దిగిపోతారు. మొక్కు చెల్లించాలంటే కొండగట్టు అంజన్న దగ్గరో, వేములవాడ రాజన్న దగ్గరో ఆగిపోతారు. గోదావరిలో మునగాలంటే ధర్మపురికి మళ్ళిపోతారు. కోటనీ, కొండనీ, నదినీ చుట్టుపక్కల వూళ్ళు పంచుకుపోగా కోరుట్లకి రోడ్డు మిగిలింది. నిజామాబాదునుంచి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా మంచిర్యాల వైపు పోయే జాతీయ రహదారి అది. 2017 లో పెద్దపల్లి - నిజామాబాదు రైలు మార్గం పూర్తి కావటంతో ఇప్పుడు రైలు కూత కూడా వినిపిస్తోంది. అయినా పని వున్నవాళ్ళే కోరుట్లలో దిగుతారు. చూడటానికని దిగేవాళ్ళు తక్కువ.

కాని మా వూళ్ళో చూడదగ్గది ఒకటుంది. మధ్యాహ్నం మూడు గంటల వేళ, ఎండ అరుగుమీదనుంచి వీధిలోకి దిగే సమయానికి, ఏదయినా ఒక సందులో నడిచి చూడండి. ప్రతి అరుగుమీదా ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు బాసింపట్టు వేసుకుని కూర్చుని వుంటారు. ఒళ్ళో చాట. చాటలో ఒకవైపు కత్తిరించిన తునికాకు, ఒకవైపు తంబాకు. ఆకు తీసుకోవటం, తంబాకు పరచటం, చుట్టటం, మూతి మలవటం, దారం కట్టటం - ఇదంతా మనం ఒక మాట పూర్తి చేసేలోగా అయిపోతుంది. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ వుంటారు, పిల్లల్ని అదిలిస్తూ వుంటారు, కోడలిమీద ఒక విసురు విసురుతారు. చేతులు మాత్రం ఆగవు. ఇరవై అయిదు బీడీలకి ఒక కట్ట. నలభై కట్టలయితే వెయ్యి. చెయ్యి తిరిగిన మనిషి పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా కూర్చుంటే వెయ్యి అవుతాయి.

కొత్తవాళ్ళు ఆ చేతులు చూసి ఆశ్చర్యపోతారు. నేను మాత్రం ఆ మోకాళ్ళు చూస్తాను. ఎందుకు చూస్తానో చెప్పటానికే ఈ వ్యాసం.

*

మా అవ్వ పన్నెండో ఏట చాట ఒళ్ళో పెట్టుకుంది. కోస్తా పాఠకులు పొరబడకుండా ఒక మాట: మా వైపు అమ్మని అవ్వ అంటాం. మా నాన్న భివండిలో మగ్గాలమీద పనిచేసేవాడు. దసరాకి వచ్చి, నాలుగు రోజులుండి, మళ్ళీ వెళ్ళిపోయేవాడు. తరువాత ఆయన పూర్తిగానే వెళ్ళిపోయాడు. ఇది మా ఇంటి కథే అనుకోకండి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్లల్లో ఏ గడప ఎక్కినా ఇటువంటిదే వినిపిస్తుంది. ఒకప్పుడు మగవాళ్ళు భివండి, షోలాపురం, సూరతు వెళ్ళారు. తరువాత దుబాయి, మస్కటు వెళ్ళారు. ఆడవాళ్ళు అరుగులమీద కూర్చున్నారు. విమానం టిక్కెట్టుకి చేసిన అప్పు తీరేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆ చాటే.

నా చదువుకీ ఆధారం అదే. మా అవ్వ డబ్బుని రూపాయల్లో లెక్కపెట్టేది కాదు, వేలల్లో లెక్కపెట్టేది. వేలంటే వేల రూపాయలు కావు, వేల బీడీలు. నా హాస్టలు ఫీజు ఇన్ని వేలు, పరీక్ష ఫీజు ఇన్ని వేలు. ఎం.ఏ. లో ఒక నిఘంటువు కొన్నానని చెబితే, వెల అడిగి, వేళ్ళమీద లెక్కవేసుకుని, "మంచిగ సదువు మరి" అన్నది. ఆ నిఘంటువు ఈనాటికీ నా బల్లమీద వుంది. తెరిచినప్పుడల్లా తంబాకు వాసన వచ్చినట్టుంటుంది.

ఇప్పుడామెకి అరవై ఏడేళ్ళు. చేతులు చక్కగా వున్నాయి. కళ్ళు పరవాలేదు. మధుమేహం వుంది, మాత్రలు వేసుకుంటుంది. మోకాళ్ళు మాత్రం పోయాయి. "కూసుంటే లేవరాదు, లేస్తే కూసోరాదు" అని నవ్వుతూనే చెబుతుంది. గోడ పట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ళమీద ఆనించి, "రామా" అంటూ లేస్తుంది. రెండో మోకాలుకంటె కుడి మోకాలు ఎక్కువ బాధ. రాత్రి పక్కమీద తిరిగినా ముల్లు గుచ్చినట్టుంటుందట.

2015 జూలైలో గోదావరి పుష్కరాలు వచ్చినప్పుడు మా అవ్వని ధర్మపురి తీసుకుపోయాను. ఆ జనంలో నేను వెనకబడిపోతే, తాను చెంగు నడుముకి చుట్టి, చకచకా మెట్లు దిగి, మునిగి, చెంబుతో నీళ్ళు పట్టుకుని, పైకొచ్చి నాకోసం ఎదురు చూసింది. మళ్ళీ పుష్కరాలు 2027 లో. గత దసరాకి వెళ్ళినప్పుడు మామూలు మాటల మధ్య, "ఈసారి నన్ను కారుల కూసోబెట్టి, గోదారి నీళ్ళు సీసల పట్టుకచ్చి, నెత్తిమీద సల్లురి" అన్నది. మరదలు నవ్వింది. మా తమ్ముడు మస్కటులో వుంటాడు, అవ్వ దగ్గర వుండేది మరదలూ పిల్లలూను. నాకు నవ్వు రాలేదు.

*

దసరా సెలవుల్లో హైదరాబాదునుంచి బస్సులో వస్తూ దారిలో ఒక పెద్ద బోర్డు చూశాను. కోతలేదు, కుట్టులేదు, ఒకే ఒక్క సూదితో మోకాళ్ళ నొప్పులకి శాశ్వత విముక్తి అని రాసివుంది. పక్కన ఒక ముసలాయన పరుగెత్తుతున్న బొమ్మ. ఏ ఆసుపత్రిదో చెప్పను, అటువంటి బోర్డులు మీ వూళ్ళోనూ వుంటాయి. ఫోను చేశాను. రెండు మోకాళ్ళకీ కలిపి ప్యాకేజీ అన్నారు, ఈ వారంలో కడితే తగ్గింపు అన్నారు. కాలేజీ సహకార సంఘంలో అప్పు తీసుకుంటే సరిపోతుందని లెక్క వేసుకున్నాను. నిజం చెప్పాలంటే, ఖర్చు ఎంత ఎక్కువయితే నాకంత తృప్తిగా వుంది. ఇన్నేళ్ళ బాకీ ఒక్క దెబ్బతో తీరిపోతుందనే ఆశ కాబోలు.

అవ్వ ఒప్పుకోలేదు. "ముందుగాల ఇంకొకల్ల నడుగు. కార్ఖానల బీడీలు తీసుకపోయినా రెండుసార్లు చూసుకోని పోతం" అన్నది. ఆ మాటమీద కరీంనగర్‌లో నాకు తెలిసిన ఒక ఎముకల వైద్యుడి దగ్గరికి బయలుదేరాం. మా వైపు ఎముకల ఆసుపత్రిని బొక్కల దవాఖాన అంటారు. అవ్వకి ఆ మాటంటేనే భయం. గంగాధర దాటేదాకా "కోస్తరా? కోస్తరా?" అని అడుగుతూనే వుంది.

డాక్టరుగారు మా వయసువాడే. చేత్తో మోకాలు పట్టి చూశారు, నడిపించారు, నిలబెట్టి ఎక్సురే తీయించారు. పటాన్ని వెలుగుకి పెట్టి చూపించారు. "అవ్వా, ఇక్కడ రెండెముకల మధ్య సందు చూడు. బయటివైపు వుంది, లోపలివైపు సన్నబడింది" అన్నారు. కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు ఇంగ్లండు వైద్యులు 1957 లో ఈ అరుగుదలకి నాలుగు మెట్లు గుర్తు పెట్టారట. మా అవ్వ కుడి మోకాలు మూడో మెట్టుమీద వుంది.

"గుజ్జు అయిపోయిందా సారూ?" అని అడిగింది అవ్వ.

ఆయన నవ్వారు. "అందరూ ఆ మాటే అంటారు. అయిపోవటానికది డబ్బాలో నూనె కాదు. ఎముక చివర నున్నటి పొర వుంటుంది, మృదులాస్థి అంటాం. అది అరుగుతుంది. విచిత్రమేమిటంటే ఆ పొరలో నరాలు లేవు, కాబట్టి అది నొప్పి పెట్టదు. రక్తనాళాలూ లేవు, కాబట్టి పోయింది తిరిగి పెరగదు. నొప్పి పుట్టేది దాని కింది ఎముకలో, చుట్టూ వున్న పొరల్లో, పట్టీల్లో. అందుకే ఎక్సురేలో ఎంతో అరిగినవాడు హాయిగా నడుస్తాడు, కొంచెం అరిగినవాడు మూలుగుతాడు. మేము వైద్యం చెయ్యవలసింది పటానికి కాదు, మనిషికి."

మోకాలు వంచి కూర్చుని లేచే పనులు ఏళ్ళతరబడి చేసినవాళ్ళకి ఈ అరుగుదల ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయట. దానికితోడు రోజంతా కూర్చునే వుంటే తొడ ముందు కండరం నీరసిస్తుంది. మోకాలి బరువులో భాగం పంచుకునేది ఆ కండరమే. అది తప్పుకుంటే బరువంతా కీలుమీదే పడుతుంది. నేను నా నిఘంటువు గుర్తు చేసుకుని తల వంచుకున్నాను.

*

బోర్డు సంగతి నేనే ఎత్తాను. "సూదులతో పోతుందంటున్నారు కదా?" అన్నాను.

"సూది అంటే ఏ సూది?" అని ఎదురడిగారు డాక్టరుగారు. తరువాత ఆయన ఓపికగా చెప్పిందాన్ని మీ ఇంట్లోనూ ఒక అవ్వ వుండి వుంటుందన్న నమ్మకంతో ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది స్టెరాయిడు సూది. 1951 లో హాలండర్ అనే అమెరికా వైద్యుడు కీళ్ళలోకి హైడ్రోకార్టిసోన్ ఎక్కించిన ఫలితాలు ప్రకటించినప్పటినుంచీ వాడుకలో వుంది. వాపు వచ్చి ఉబ్బిన మోకాలికి త్వరగా ఉపశమనం ఇస్తుంది. అది కొన్ని వారాలే. మధుమేహం వున్నవాళ్ళకి కొన్ని రోజులపాటు చక్కెర పెరుగుతుంది. అవసరానికి ఒకసారి అయితే సరే, అలవాటు చేసుకోకూడదు. అమెరికాలో 140 మందిమీద చేసి 2017 లో ప్రకటించిన పరిశోధనలో, మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్ళు స్టెరాయిడు ఎక్కించినవాళ్ళకి ఉప్పునీళ్ళు ఎక్కించినవాళ్ళకంటె నొప్పి ఏమంత తగ్గలేదు, పైగా మృదులాస్థి ఎక్కువ అరిగింది.

రెండోది జెల్లు సూది. జనం "గుజ్జు ఎక్కించుకున్నాం" అనేది దీన్నే. మోకాలిలో సహజంగా వుండే జిగురునీటిలో హయాలురోనిక్ ఆమ్లం అనే పదార్థం వుంటుంది. దాన్ని 1934 లో కార్ల్ మేయర్ అనే శాస్త్రవేత్త ఆవు కంటిలోనుంచి మొదట వేరుచేశాడు. తరువాత మందుగా చెయ్యటానికి కోడిపుంజు తురాయిలోనుంచి తీశారు.

"పుంజు తురాయి తెచ్చి మోకాలిల పెడ్తరా?" అని అవ్వ నోరు నొక్కుకుంది. "గందుకేనా గంత ధర?"

కొందరికి కొన్ని నెలలు బాగుంటుంది. కాని ఎక్కువమందిని కలిపి చూసిన పరిశోధనల్లో, ఉత్త నీళ్ళ సూదికీ దీనికీ తేడా స్వల్పమేనని తేలింది. దీనితో అరిగిన పొర తిరిగి పెరగదు. పెరుగుతుందని చెప్పినవాళ్ళని నమ్మవద్దన్నారు.

మూడోది మన రక్తమే తీసి, యంత్రంలో తిప్పి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువగా వున్న భాగాన్ని మోకాలిలోకి ఎక్కించటం. పి.ఆర్.పి. అంటారు. ఇప్పుడు దీనికి మహా గిరాకీ. ఆస్ట్రేలియాలో 288 మందిమీద చేసి 2021 లో ప్రకటించిన పరీక్షలో, ఏడాది తరువాత చూస్తే ఉప్పునీళ్ళకంటె నొప్పిలోగాని, మృదులాస్థిలోగాని తేడా కనిపించలేదు. మేలు చూపిన చిన్న పరిశోధనలూ వున్నాయి కాబట్టి వైద్యుల్లో ఇంకా వాదం నడుస్తోంది. "వాదం తెగనిదానికి మీరు అప్పు చేయవద్దు" అన్నారాయన.

నాలుగోది చిన్న గొట్టం దూర్చి మోకాలు లోపల కడగటం. ఒకప్పుడు విరివిగా చేసేవారు. దీని కథ వింతగా వుంటుంది. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో 180 మందిని తీసుకుని, కొందరికి నిజంగానే కడిగారు. కొందరికి చర్మంమీద గాట్లు మాత్రం పెట్టి, కుట్టేసి, ఆపరేషను చేసినట్టే నటించారు. ఇటువంటి నటన జరగవచ్చునని రోగులు ముందే తెలిసి ఒప్పుకున్నారు. రెండేళ్ళు చూస్తే రెండు జట్లకీ ఫలితం ఒకటే! 2002 లో అది అచ్చయ్యాక, ఉత్త అరుగుదలకి కడిగే పద్ధతి వెనకబట్టింది.

"మరి నొప్పి తగ్గిందని అన్నోల్లంత అబద్ధమాడిన్రా?" అని అడిగింది అవ్వ.

"లేదవ్వా, వాళ్ళకి నిజంగానే తగ్గింది. ఈ నొప్పి ఒకనాడు హెచ్చుతుంది, ఒకనాడు దానంతటదే తగ్గుతుంది. హెచ్చిననాడు దవాఖానకి వస్తారు. తగ్గినప్పుడు ఆ పుణ్యం సూది ఖాతాలో పడుతుంది. నమ్మకం కూడా కొంత పనిచేస్తుంది. బోర్డులు పెట్టేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు."

ఇక కొత్తవి రెండు. జపానులో పదేళ్ళకి పైగా చేస్తున్న ఒక పద్ధతి వుంది. అరిగిన మోకాలి చుట్టూ కొత్తగా సన్నటి రక్తనాళాలు పుట్టి వాపునీ నొప్పినీ పెంచుతాయి. గజ్జలోని ధమనిలోనుంచి తీగవంటి గొట్టం పంపి, ఇసుకకంటె సన్నటి రేణువులతో వాటిని మూసివేస్తారు. ఇంకా పరిశోధనలు నడుస్తున్నాయి. పెద్ద నగరాల్లో, అనుభవం వున్న చోటే చేయించుకోవలసింది.

రెండోది నరాల పద్ధతి. మోకాలి నొప్పిని మెదడుకి మోసుకుపోయే చిన్న నరాలు కొన్ని వున్నాయి. వాటిలో మూడు, ఫలానా ఎముక వంపు దగ్గర వుంటాయని గుర్తు పట్టవచ్చు. పైన రెండు, కింద లోపలివైపు ఒకటి. నడిపించే నరాలు వేరు, వాటి జోలికి పోరు. ముందు మత్తుమందుతో పరీక్ష సూది వేస్తారు. కొన్ని గంటలపాటు నొప్పి సగానికి తగ్గితేనే ముందుకి పోతారు. తగ్గకపోతే మానేస్తారు. తరువాత ఎక్సురేలోగాని స్కానులోగాని చూస్తూ సూది మొనని ఆ నరం దగ్గర ఆనించి, రేడియో తరంగాలతో దాదాపు 80 డిగ్రీల వేడి నిమిషమో నిమిషంన్నరో పెడతారు. నరం మూగపోతుంది. అదే రోజు ఇంటికి పోవచ్చు. 2011 లో దక్షిణ కొరియా వైద్యులు 38 మంది వృద్ధులమీద చేసి మేలు చూపారు. 2017 లో అమెరికా ఔషధ సంస్థ ఇందులో చల్లబరచిన సూది పద్ధతికి మోకాళ్ళ నొప్పికోసం అనుమతి ఇచ్చింది.

"అయితే ఒక సంగతి" అన్నారు డాక్టరుగారు. "నరం మళ్ళీ పెరుగుతుంది. ఆరు నెలలు, మహా అయితే ఏడాది, కొందరికి ఇంకొంచెం ఎక్కువ. అప్పుడు నొప్పి మళ్ళీ రావచ్చు, కావాలంటే మళ్ళీ చెయ్యవచ్చు. శాశ్వతం అనే మాట ఈ సూదుల్లో దేనికీ చెల్లదు. అరుగుదల అరుగుదలే. మేము కొనిపెట్టేది కాలం."

*

నేను పట్టు వదలలేదు. "పోనీ, ఆపరేషను చేసి కీలే మార్చేస్తే?"

"మూడో మెట్టుమీద, ఇంకా బజారుకి నడిచిపోతున్న మనిషికి అప్పుడే వద్దు. అవసరమయిననాడు దాన్ని మించింది లేదు, భయపడవలసిందీ లేదు. 2019 లో బ్రిటను పరిశోధకులు లెక్కలు తీస్తే, మార్చిన మోకీళ్ళలో నూటికి ఎనభై రెండు పాతికేళ్ళపాటు నిలిచాయి. 2017 ఆగస్టులో మన కేంద్రప్రభుత్వం కృత్రిమ కీళ్ళ ధరలకి హద్దు కూడా పెట్టింది. ఆ రోజు వస్తే నేనే చెబుతాను."

"అయితే ఇవాళ ఏమి రాస్తారు?"

ఆయన రాసింది చూసి నేను నిరాశపడ్డానని ఒప్పుకుంటున్నాను. ఒకటి, కుర్చీలో కూర్చుని కాలు ముందుకి చాచి, అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టి, మెల్లగా దించటం. పదిసార్లు, రెండు కాళ్ళూ, పూటకొకసారి. రెండు, కుర్చీలోనుంచి చేతులు ఆనించకుండా లేవటం, కూర్చోవటం, చేతనయినన్నిసార్లు. మూడు, రోజూ నడక, అలసట వచ్చేదాకా కాదు, అలవాటయ్యేదాకా. నాలుగు, బరువు తగ్గటం. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలిమీద నాలుగు కిలోల భారం తగ్గినట్టట. అయిదు, చేతికర్ర. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమచేతిలో పట్టాలి, మనం అందరం తప్పు చేత్తో పట్టుకుంటాం. ఆరు, నేలమీద కూర్చోవటం మానటం: మంచం, కుర్చీ, ఎత్తు మరుగుదొడ్డి. బాగా నొప్పి వున్ననాడు పైన రాసుకునే మందు. మూడు నెలలు ఇది చేసి రమ్మన్నారు. అప్పటికీ నొప్పి నిద్ర చెడగొడితే నరాల పరీక్ష సూది వేసి చూద్దామన్నారు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. అందరికీ చెబుతాను. పదిమందిలో ఇద్దరు చేస్తారు. తొడ కండరం గట్టిపడితే నొప్పి తగ్గుతుందనటానికి వున్నంత సాక్ష్యం నేను చెప్పిన సూదుల్లో చాలావాటికి లేదు. కాని దీనికి బోర్డు ఎవరు పెడతారు? ఇందులో అమ్ముకోవటానికి ఏముంది?"

అవ్వ అంతదాకా వింటూ కూర్చుని, "సారూ, ఒక్కమాట" అన్నది. "గా నరాల సూది ఆరు నెల్లనుంచి యాడాదిదాకా పంజేస్తదంటిరి గద. పుష్కరాలు వచ్చే తేదీ చూసి, గప్పటికి ముందుగాల రెండు నెల్లకు చేపిచ్చుకుంటే, గోదారి మెట్లు దిగి ఎక్కెటాల్లకు అది పంజేస్తనే ఉంటది గదా?"

డాక్టరుగారు పెన్ను కింద పెట్టి ఆమెకేసి చూశారు. "ఉంటుందవ్వా. నీకు పరీక్ష సూది పనిచేస్తే, నీ లెక్క సరిగ్గా సరిపోతుంది" అన్నారు. "కాని అంతదాకా ఈ కసరత్తు చేస్తేనే. కండరం లేని కాలుకి నొప్పి లేకపోయినా మెట్లు దిగలేవు."

"గట్లయితే ఇప్పుడేం వద్దు" అని ఆమె లేచింది. గోడ పట్టుకునే లేచింది.

కోట్లు గడించినవాళ్ళ సలహాదార్లు కూడా ఇంత పొదుపుగా లెక్క కట్టి వుండరని నాకు అనిపించింది. నలభై ఏళ్ళకి పైగా కట్టకి ఇరవై అయిదు చొప్పున ఒక్క బీడీ తేడా రాకుండా లెక్క అప్పజెప్పిన మనిషి. కొన్న కాలాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో ఆమెకి తెలియదా? బాకీ తీర్చాలని తొందరపడుతున్నది నేనే. ఆమెకి కావలసింది నా బాకీ తీరటం కాదు, గోదావరి మెట్లు దిగటం.

*

తిరుగు ప్రయాణంలో జగిత్యాలలో ఆగి రెండు కుర్చీలు కొన్నాను. చేతులు లేనివి, కొంచెం ఎత్తయినవి. సహకార సంఘం అప్పు అవసరం రాలేదు.

సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాను. మోకాళ్ళ నొప్పి పోయిందా అంటే, పోలేదు. పొద్దున్నే బిగుసుకునే వుంటాయి, మబ్బు పట్టిననాడు విసుక్కుంటుంది. కాని పక్కమీద తిరిగితే మెలకువ రావటం తగ్గిందట. మూడు కిలోల బరువు తగ్గింది. కుర్చీలోనుంచి చేతులు ఆనించకుండా ఎనిమిదిసార్లు లేచి నాకు చూపించింది. "రామా" అనటం మానలేదు గాని, అది అలవాటట, నొప్పికి కాదట. నరాల సూది సంగతి పుష్కరాల తేదీ దగ్గరపడ్డాక డాక్టరుగారితో మాట్లాడుకోవాలని తీర్మానించుకున్నాం.

ఆ సాయంత్రం అరుగుమీదికి వచ్చి చూస్తే రెండో కుర్చీలో మా మరదలు కూర్చుని వుంది. ముందు ఒక చిన్న బల్ల. బల్లమీద చాట. కాళ్ళు నేలకి ఆనించుకుని బీడీలు చేస్తోంది. మొదట్లో చెయ్యి సాగలేదట, వెయ్యి కావలసినచోట ఆరువందలే అయ్యేవట. ఇప్పుడు సరిపోయిందట. గంటకొకసారి లేచి వాకిలిదాకా నడిచి రమ్మని అత్తగారి ఆజ్ఞ. ఎదురింటావిడ గడపలోనుంచి చూసి, "ఓ పెద్దవ్వా, బీడీలు కుర్సీల కూసోని చేస్తరా ఎవలన్న? దొరసానితీరు!" అని నవ్వింది.

మా అవ్వ కాలు చాచి, బిగబట్టి, అయిదుదాకా లెక్కపెట్టి, దించి, అప్పుడు జవాబు చెప్పింది.

"నవ్వు బిడ్డా, నవ్వు. పుష్కరాలకు ధర్మపురి మెట్ల కాడ మల్ల కలుద్దాం. ఎవలు ముందుగాల దిగుతరో చూద్దాం."

ఎదురింటావిడకి ఇంకా నలభై నిండలేదు. నవ్వుతూనే లోపలికి పోబోయి, గుమ్మం పట్టుకుని, రెండో చెయ్యి మోకాలిమీద ఆనించి లేచింది. మా అవ్వ అది చూసింది, నేనూ చూశాను. మర్నాడు హైదరాబాదు బస్సు ఎక్కేముందు అవ్వ నన్ను పక్కకి పిలిచి, "గసుంటి కుర్సీ ఇంకొకటి ఎన్ని పైసలు పడ్తది?" అని అడిగింది. నేను వెల చెప్పాను. ఆమె వేళ్ళమీద లెక్కవేసుకున్నది.